ఖోలీని కొలిచిండ్రు, వాడను కొలవలేదు

(ఒక వాడ సభలో మేము చేసిన ప్రసంగ పాఠం. నోటితో చెప్పింది చాలా, తర్వాత కూర్చొని రాసింది కొంత)



ఈ సభ పెట్టుకున్నది మన వాడ మీదుగా వేస్తామంటున్న బైపాసు రోడ్డు గురించి. ఆ సంగతికి వస్తాం. కానీ దానికంటే ముందు మేము బొంబాయి సంగతి చెప్పాలని వచ్చినం. రోడ్డు సంగతి అడిగితే బొంబాయి సంగతి చెబుతున్నారేంది అని కొందరు అనుకుంటారు. ఒక గడియ ఓపిక పట్టండి. ఇక్కడ జరగబోయేది అక్కడ నూరేండ్ల నుంచి జరుగుతున్నది.

అసలు ఈ వాడలో బొంబాయి ముఖం చూడని ఇల్లు ఎన్ని ఉంటయ్? కరువొస్తే బొంబాయి. అప్పయితే బొంబాయి. దొరకు ఎదురు మాట్లాడితే రాత్రికి రాత్రి పెండ్లాం పిల్లలను తీసుకొని బొంబాయి. నిజాం రాజ్యం నుంచి పోయిన తెలుగు కూలీలు ఆ పట్నానికి రాళ్లు కొట్టారు, మట్టి మోశారు, గోడలు లేపారు. వాళ్లను అక్కడివాళ్లు కామాటీలు అన్నారు. వాళ్లు కాపురమున్న గల్లీలకే కామాటిపుర అని పేరొచ్చింది. ఆ పేరు చెబితే ఇప్పుడు లోకానికి గుర్తొచ్చేది ఒకే ఒక్క సంగతి, ఆడవాళ్ల ఒళ్లు అమ్మే బజారు. మన తాతల చెమట ఎవరికీ గుర్తు రాదు. ఆ కామాటిపురను కూడా ఇప్పుడు మొత్తం కూలగొట్టి కొత్తగా కట్టాలని ప్రభుత్వం లెక్కలు వేసింది. వందల పాత భవనాలు, వేలమంది కిరాయిదార్లు. ఆ గల్లీల పక్కనే పెరిగి, టాక్సీ నడిపి, 1972లో 'గోల్‌పీఠా' రాసిన నామ్‌దేవ్ ఢసాళ్ మీకు తెలిసినవాడే. దళిత పాంథర్స్ పుట్టిందీ ఆ ఏడాదే.

మేము చెప్పేది మాత్రం వర్లీ గురించి. అక్కడ మాకు మనుషులున్నారు కాబట్టి.

ప్రతి ఏడూ డిసెంబరు 6కు మాలో కొందరం దాదర్‌లోని చైత్యభూమికి పోతాం. 1956లో బాబాసాహెబ్‌ను దహనం చేసిన చోటు అది. రెండు రోజులు ముందు పోతే ఉండడానికి వర్లీ బీడీడీ చాల్‌లో మాకొక పెద్దమ్మ ఉంది. మాలో ఒకరికి సొంత పెద్దమ్మ, మిగతావాళ్లకు పిలిచి పిలిచి అయిన పెద్దమ్మ. ఆమె పెనిమిటి కరీంనగర్ జిల్లా నుంచి పోయి ఒక బట్టల మిల్లులో చేరినవాడు. ఖోలీ 160 చదరపు అడుగులు. మనదగ్గర బర్రెల కొట్టం దానికంటే నయం. అండ్ల ఆరుగురు, మేము పోతే పదిమంది. అంతస్తు మధ్యలో పొడుగ్గా ఒక నడవ, దానికి అటు పది ఖోలీలు, ఇటు పది. పాయిఖానలు అందరికీ కలిపి. రాత్రి మగవాళ్లం నడవలో చాపలు పరుచుకొని పడుకుంటాం. పొద్దున లేవంగనే పక్క ఖోలీ మరాఠీ అక్క చాయ్ పట్టుకొస్తది. మీరెవరు, ఏ ఊరు అని అడగదు. జై భీమ్ అంటది, గ్లాసు చేతిలో పెడతది.

ఈ చాళ్లు ఎట్ల పుట్టినయో చెబుతాం. 1896లో బొంబాయిలో ప్లేగు పుట్టింది. ఎలుకల నుంచి వచ్చే రోగమని అప్పటికి దొరలకు పూర్తిగా ఒప్పుకోలు కాలేదు. కూలీల ఇండ్ల ఇరుకులోనే, మురికిలోనే రోగముందని నమ్మారు. 1898లో బాంబే ఇంప్రూవ్‌మెంట్ ట్రస్టు పెట్టారు. గాలి రావాలె, వెలుతురు రావాలె, పట్నం బాగుపడాలె అన్నారు. అని పేదల ఇండ్లు కూలగొట్టి వెడల్పు రోడ్లు తీశారు. కూలగొట్టినన్ని ఇండ్లు మళ్లీ కట్టలేదు. ఇండ్లు పోయినవాళ్లు పక్క గల్లీలో మరింత ఇరుక్కున్నారు. రోగం పోగొట్టడానికని మొదలుపెట్టిన పని ఇరుకును ఇంకా పెంచింది.

ఆ ట్రస్టు కట్టిన కొద్ది చాళ్లలో ఒకటి పరేల్‌లో ఉంది. అందులో 50, 51 నంబరు ఖోలీలలో 1912 నుంచి 1934 దాకా ఒక కుటుంబం ఉన్నది. ఆ కుటుంబంలో పెద్ద చదువు చదివినవాడు మన బాబాసాహెబ్. అమెరికా పోయి చదివి వచ్చినా, లండన్ పోయి బారిష్టరయి వచ్చినా, తిరిగొచ్చింది ఆ ఖోలీకే. రమాబాయి అమ్మ సంసారం ఈదింది అక్కడే. 1927లో మహాడ్ చెరువు నీళ్లు ముట్టడానికి పోయింది ఆ ఖోలీ నుంచే. 1930లో రౌండ్ టేబుల్ సమావేశానికి లండన్ బయల్దేరిననాడు కూడా ఆయన ఇల్లు అదే. ఖోలీ చిన్నదే. కానీ బయట గల్లీ ఉంది, మెట్లున్నాయి, పక్కనే సభలు పెట్టుకునే దామోదర్ హాల్ ఉంది. మిల్లు దిగిన కూలీ ఇంటికి పోయే తొవ్వలో ఆగి బాబాసాహెబ్‌తో మాట్లాడి పోగలిగేంత దగ్గర. దీన్ని గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాం.

ఇంక వర్లీ చాళ్లు. 1920లో బాంబే డెవలప్‌మెంట్ డైరెక్టరేటు అని మరొకటి పెట్టారు. దాని పొట్టి పేరే బీడీడీ. 50 వేల ఖోలీలు కడతామని బయల్దేరి, 207 చాళ్లు, దాదాపు 16 వేల ఖోలీల దగ్గర చేతులెత్తేశారు. వర్లీలో 121, నాయిగావ్‌లో 42, డిలైల్ రోడ్డులో 32, శివ్‌డీలో 12. సిమెంటు కాంక్రీటు డబ్బాలు. మొదట్లో కూలీలు కూడా చాలామంది వాటిల్లోకి పోలేదు. వర్లీలో ఖాళీగా పడి ఉన్న చాళ్లను 1930లో సత్యాగ్రహం చేసినవాళ్లను పెట్టడానికి తాత్కాలిక జైలుగా వాడుకున్నారు. కూలీకి కట్టిన ఇల్లు జైలుకు కూడా సరిపోయింది, ఆ కొలత అట్లాంటిది.

అటువంటి జైలును మనవాళ్లు వాడ చేసుకున్నారు. ఎట్ల చేసుకున్నారో చెప్పాలంటే మిల్లు సంగతి చెప్పాలి. మిల్లులో అన్ని ఖాతాలు ఒకటి కాదు. నేత ఖాతాలో కూలి ఎక్కువ. అందులోకి అంటరానివాణ్ని రానివ్వలేదు. కారణం ఏం చెప్పారంటే, నాడెలో కండె మార్చినప్పుడల్లా దారపు కొసను నోటితో పీల్చి బయటికి తియ్యాలె, మహారోడు నోరు పెట్టిన నాడెకు మేము నోరు పెట్టం అన్నారు సవర్ణ కార్మికులు. మన జిల్లాల నుంచే పోయిన పద్మశాలి అన్నలు నేత ఖాతాలో కుదురుకున్నారు. మనవాళ్లకు వడికే ఖాతా, ఊడ్చే పని. 1928లో పెద్ద సమ్మె జరిగినప్పుడు బాబాసాహెబ్ ఈ సంగతి లేవనెత్తాడు. మిల్లు యజమాని మీద పోరాడే సంఘానికి తన ఖాతా తలుపు తియ్యడానికి మనసు రాలేదెందుకని అడిగాడు. ఎర్రజెండా అన్నలకు ఈ మాట ఇప్పటికీ కొంచెం చేదుగానే ఉంటది. ఉండనీయండి.

మిల్లులో తలుపు మూసుకుంటే మనిషి ఎక్కడికి పోవాలె? చాల్‌కు వచ్చాడు. చాళ్లు కూడా కులం వారీగానే నిండాయి. మహార్లు ఎక్కువున్న చాళ్లు కొన్ని, మరాఠాలవి కొన్ని. కానీ మనవాళ్ల చాల్‌లో నడవ మనదయింది. కింది అంతస్తులో ఒక ఖోలీ పెట్టుకొని బుద్ధ విహార్ చేసుకున్నారు. పేపర్లు వచ్చే చోటు, పిల్లలు రాత్రి చదువుకునే చోటు, జల్సా పాటలు కట్టుకునే చోటు, కబడ్డీ ఆడే మైదాన్. 1956లో బౌద్ధం తీసుకున్న తర్వాత పెండ్లి ఎట్ల చెయ్యాలె, చావు ఎట్ల చెయ్యాలె అని బ్రాహ్మణుణ్ని అడగకుండా నేర్చుకున్నది ఆ నడవలోనే. మాటుంగా లేబర్ క్యాంపులో ఉండి పాటలు కట్టిన అన్నాభావు సాఠే మాంగు కులపాయన. అంటే మనదగ్గర మాదిగ అన్నట్టు. ఆ పాటలు పుట్టింది సంగీత కళాశాలల్లో కాదు, ఇట్లాంటి గుడిసెల మధ్య, చాళ్ల మధ్య.

ఆ వాడకు నెత్తురు కూడా అంటింది. 1974 జనవరి 5న వర్లీలో దళిత పాంథర్స్ సభ జరిగింది. ఉప ఎన్నిక దినాలు. సభ మీద రాళ్లు పడ్డాయి, పోలీసులు లాఠీలెత్తారు, ఆ మంట చాళ్లకు పాకి దినాల తరబడి ఆగలేదు. జనవరి 10న నిరసన ఊరేగింపు పరేల్ మీదుగా పోతుంటే పై అంతస్తు నుంచి రాయి వేసి భాగవత్ జాధవ్ అనే యువకుణ్ని చంపారు. పెద్దమ్మ అప్పుడు కొత్తగా కాపురానికి పోయిన పిల్ల. "నడవకు రెండు దిక్కులా మంచాలు అడ్డం పెట్టి, కారప్పొడి చేతుల పట్టుకొని కూసున్నం బిడ్డా, ఎనిమిది రోజులు" అని చెబుతది. కారంచేడు మనం 1985లో చూసినం, చుండూరు 1991లో చూసినం. పట్నంలో కులం ఉండదని చెప్పేవాళ్లకు వర్లీ పేరు చెప్పండి.

తర్వాత 1982 జనవరిలో మిల్లుల సమ్మె మొదలయింది. రెండున్నర లక్షలమంది పని మానుకున్నారు. గెలవలేదు. పెదనాయిన మళ్లీ మిల్లు లోపలికి అడుగు పెట్టలేదు, ఒక భవంతి ముందర వాచ్‌మన్‌గా కుర్చీలో కూర్చొని చచ్చిపోయాడు. మిల్లుల కింద దాదాపు 600 ఎకరాల భూమి ఉంది. 1991లో ప్రభుత్వం ఒక రూలు రాసింది. మిల్లు భూమిలో మూడో వంతు పట్నానికి ఖాళీ జాగ, మూడో వంతు పేదల ఇండ్లకు, మిగతా మూడో వంతు యజమానికి అని. వినడానికి బాగానే ఉంది కదా. 2001లో ఆ రూలులో ఒక ముక్క మార్చారు. మొత్తం భూమిలో మూడో వంతు కాదు, భవనాలు లేని ఖాళీ భూమిలో మాత్రమే మూడో వంతు అన్నారు. మిల్లు అంటేనే భవనాలు, ఇంక ఖాళీ ఎక్కడిది? 2006లో సుప్రీంకోర్టు కూడా దాన్ని సరేనంది. పొగగొట్టాలున్న చోట అద్దాల మేడలు లేచాయి. పెద్దమ్మ ఖోలీ కిటికీలోంచి చూస్తే కనబడేది ఇప్పుడవే.

ఇక ఆ మేడల కన్ను చాళ్ల మీద పడింది. వర్లీ, నాయిగావ్, డిలైల్ రోడ్డు చాళ్లను కూలగొట్టి కొత్తగా కట్టే పనికి 2017లో కొబ్బరికాయ కొట్టారు. పనిచేసేది మ్హాడా, ప్రభుత్వ ఇండ్ల సంస్థ. 160 అడుగుల ఖోలీకి బదులు 500 అడుగుల ఇల్లు ఉచితంగా. 40 అంతస్తుల టవర్లు. 2025 ఆగస్టులో వర్లీలో మొదటి 556 కుటుంబాలకు తాళాలిచ్చారు.

ఇక్కడ మేము ఒక మాట తేటగా చెప్పాలి. మేము దీనికి అడ్డం కాదు. కొందరు చదువుకున్న పెద్దమనుషులు వర్లీకి వచ్చి ఫోటోలు తీసుకొని, ఆహా ఈ చాల్ బతుకు ఎంత అందం, ఈ కలివిడి ఎంత గొప్ప, దీన్ని వారసత్వ సంపదగా కాపాడాలె అని వ్యాసాలు రాస్తారు. రాసి తమ ఫ్లాటుకు పోయి సొంత పాయిఖానలో కూర్చుంటారు. పెద్దమ్మ ఏమంటదో వినండి: "నడిరాత్రి పాయిఖానకు పోవాలంటే కోడలిని లేపి తోడు తీసుకపోయేదాన్ని. యాభై ఏండ్లు నీళ్లు తక్కువ తాగి బతికిన. ఇప్పుడు ఇంట్లనే ఉంటదట. ఆ ఒక్కదానికే దండం పెడ్త." ఆ దండాన్ని తక్కువ చేసే హక్కు ఎవరికీ లేదు, మాకూ లేదు.

మరి తగాదా ఎక్కడ?

సర్వే రిజిస్టరులో ఉంది తగాదా. దాంట్లో ఏం రాశారు? ఖోలీ నంబరు, కిరాయిదారు పేరు, కాగితాలు, అడుగులు. ఒక ఖోలీ, ఒక ఫ్లాటు. నడవకు నంబరు లేదు. మెట్ల కింద కూర్చునే జాగకు నంబరు లేదు. పాంథర్స్ సభ జరిగిన చోటుకు నంబరు లేదు. భీమ్ జయంతి ఊరేగింపు బయల్దేరే మూలకు నంబరు లేదు. కిరాయి మీద ఖోలీలో ఉన్నవాణ్ని లెక్క రాశారు, నడవలో పడుకొని, చాల్‌కు నీళ్లు మోసి, పదేండ్లు బతికిన మనలాంటి ఊరివాణ్ని రాయలేదు. మేము చైత్యభూమికి పోతే చాప పరుచుకునే చోటు ఆ రిజిస్టరులో లేదు కాబట్టి కొత్త టవరులో కూడా ఉండదు.

పెద్దమ్మను అడిగినం, కొత్త ఇంట్లోకి పోతే ఏం బాధ అని. ఆమె ఏం చెబుతదో అని చూస్తున్నం. ఆమె చావు గురించి చెప్పింది. "మీ పెదనాయిన సచ్చిననాడు పీనుగను నడవల పెట్టినం. అటు పది ఇండ్లు, ఇటు పది ఇండ్లు, అందరు తలుపులు తెరిసి కూసున్నరు తెల్లారేదాంక. నేను ముప్ఫయ్యో అంతస్తుల సస్తే ఎవరికి తెలుస్తది? లిఫ్టుల నిలబెట్టి దించుతరా నన్ను?" మేము నవ్వబోయినం, ఆమె నవ్వలేదు.

ఇండ్లు ఎవరికి ఏవి అనేది లాటరీ వేసి ఇస్తున్నారు. దీని మీద మాలోనే రెండు మాటలున్నాయి. ఒకరంటారు, మంచిదే కదా, మహార్ల చాల్, మరాఠాల చాల్ అనే గీత పోతది, అందరూ కలుస్తరు, బాబాసాహెబ్ కోరుకున్నదీ అదే కదా అని. ఇంకొకరంటారు, పక్కపక్క తలుపులు పెడితే కులం పోతే మిల్లులో ఎందుకు పోలేదు, అక్కడ పక్కపక్క మగ్గాలే కదా అని. మాకు ఇద్దరి మాటా నిజమే అనిపిస్తది. కలవాలె. కానీ ఏ లెక్కన కలవాలె? టవరుకు ఒక సొసైటీ కమిటీ ఉంటది. కింద ఒక హాలు ఉంటది. అందులో గణపతిని పెడితే అది అందరి పండుగ అంటారు, బుద్ధవందన చేస్తామంటే అది మీ కులపోళ్ల పండుగ అంటారు. ఎండుచేపల వాసన వస్తుందని నోటీసు అంటిస్తారు. లిఫ్టుకు, పంపుకు నెలనెలా అయ్యే ఖర్చు ప్రభుత్వం మొదట్లో చూసుకున్నా తర్వాత ఎవరు కడతారు? కట్టలేనివాడు తాళం అమ్ముకొని ఏ విరార్ అవతలకో పోతాడు. అప్పుడు లాటరీలో కలిసిన కులాలు బజారులో మళ్లీ విడిపోతాయి. ఈసారి బుల్డోజరు కూడా అక్కరలేదు.

పేరు సంగతి కూడా వినండి. 2022లో ప్రభుత్వం ఈ చాళ్లకు కొత్త పేర్లు పెట్టింది. వర్లీకి బాలాసాహెబ్ ఠాక్రే పేరు, నాయిగావ్‌కు శరద్ పవార్ పేరు, డిలైల్ రోడ్డుకు రాజీవ్ గాంధీ పేరు. అప్పుడు గద్దె మీద మూడు పార్టీలు కలిసి ఉన్నాయి. మూడు చోట్లు, మూడు పార్టీలు, తలా ఒకటి పంచుకున్నారు. నూరేండ్లు ఆ ఖోలీల్లో బతికినవాళ్లలో, సమ్మెల్లో ఆకలి పడ్డవాళ్లలో, జనవరి 1974లో దెబ్బలు తిన్నవాళ్లలో ఒక్క పేరు పనికిరాలేదు. 1995లో బొంబాయి పేరు తీసేసి ముంబయి అన్నప్పుడు తెల్లవాళ్ల గుర్తు తుడిచేస్తున్నామన్నారు. తుడవండి, ఎవరొద్దన్నారు? కానీ ప్లేగునాటి ట్రస్టు పట్టుకొచ్చిన ఆ కొలత టేపు మాత్రం వీళ్ల చేతుల్లో అట్లనే ఉంది. ఎన్ని అడుగులు, ఎంత ధర, ఎవడు అర్హుడు, ఎవడు కాడు. ఇవే నాలుగు ప్రశ్నలు.

మన తప్పులు కూడా చెప్పుకోవాలి, లేకపోతే ఈ సభకు అర్థం లేదు. 2016 జూన్ 25 తెల్లవారకముందే దాదర్‌లో అంబేడ్కర్ భవన్‌ను కూలగొట్టారు. బాబాసాహెబ్ నడిపిన బుద్ధభూషణ్ ప్రెస్సు ఉన్న చోటు అది. కూలగొట్టించింది మనువాదులు కాదు, ఆ ఆస్తిని చూసుకునే ట్రస్టువాళ్లే. పాతబడిపోయింది, 17 అంతస్తుల భవనం కడతామన్నారు. జూలై 19న బైకుల్లా నుంచి వేలమంది వానలో ఊరేగింపు తీశారు. కోపం సరే. కానీ మన ఇంటివాళ్లకే పాత గోడ చెత్తలాగ, కొత్త అంతస్తు గౌరవంలాగ ఎప్పటినుంచి కనబడుతున్నది? మనం పెద్ద విగ్రహం అడిగితే వెంటనే ఇస్తారు. ఇందూ మిల్లు భూమి కోసం 2011 డిసెంబరు 6న మనవాళ్లు లోపలికి చొచ్చుకుపోయారు, 2015 అక్టోబరులో అక్కడ స్మారకానికి శంకుస్థాపన జరిగింది, 12 ఎకరాలు, వందల అడుగుల ఎత్తు విగ్రహం. అది మన పోరాటంతో వచ్చింది, గర్వంగానే చెబుతాం. అయినా అడుగుతున్నం, ఆయన విగ్రహానికి అంత ఎత్తు ఇచ్చే చేయి, ఆయన పేరు మీద పిల్లలు చదువుకునే ఒక్క ఖోలీని రిజిస్టరులో ఎక్కించడానికి ఎందుకు వెనకాడుతది?

ఎక్కించుకున్నవాళ్లు లేకపోలేదు. ఇందాక దామోదర్ హాల్ అన్నం కదా. 1924 మార్చిలో బాబాసాహెబ్ అక్కడ పెట్టిన సభ నుంచే బహిష్కృత హితకారిణి సభ పుట్టింది. ఆ హాలును కొత్త భవనం కోసం 2023 నవంబరులో మూసేశారు. మరాఠీ నాటకాలవాళ్లు లేచారు. కట్టొద్దు అనలేదు. పాత హాలుకు తగ్గని హాలు ముందు మాకు కట్టాలె, కాగితం మీద రాసియ్యాలె అన్నారు. మేము నేర్చుకోవలసిన మాట అది అనిపించింది. కూలగొట్టే ముందే రాయించుకోవాలె. కూలిన తర్వాత కన్నీళ్లకు కొలత లేదు.

మన దగ్గరికి వద్దాం. హైదరాబాద్‌లో 2024 సెప్టెంబరులో మూసీ ఒడ్డున చాదర్‌ఘాట్ దగ్గర మూసానగర్, శంకర్‌నగర్ ఇండ్ల గోడల మీద ఎర్ర రంగుతో గుర్తులు వేశారు. నదిని బాగుచేస్తాం, డబుల్ బెడ్రూం ఇండ్లు ఇస్తాం అన్నారు. కొందరు సంతోషంగానే పోయారు, వరద నీళ్లలో బతికినవాళ్లు పోక ఏం చేస్తారు. కొందరు గోడ పట్టుకొని ఏడ్చారు. ఇండ్లల్లో పాచిపని చేసే అక్క కొత్త ఇంటి నుంచి పని దగ్గరికి ఎట్ల పోవాలె, ఏ బస్సు, ఎంత కిరాయి, ఆ లెక్క ఎవరూ రాయలేదు.

ఇప్పుడు మన వాడ. పోయిన వారం టేపు పట్టుకొని వచ్చినవాళ్లు ఏం రాసుకొని పోయిండ్రో మీరు చూసిండ్రు. పట్టా ఉన్న ఇండ్లు రాసిండ్రు. పట్టా లేని పదకొండు ఇండ్లకు చుక్క పెట్టిండ్రు. వాడకట్టు మధ్యలో యాపచెట్టు కింద డప్పులు కాపుకునే అరుగు రాసిండ్రా? లేదు. బొందలగడ్డ రాసిండ్రా? అది సర్కారు పోరంబోకు అన్నారట. మన ముత్తవ్వలు పోరంబోకులో పండుకున్నారన్నమాట. అంబేడ్కర్ విగ్రహం గద్దెను 'అడ్డంకి' అని రాసిండ్రని చూసొచ్చిన పిల్లగాడు చెప్పిండు. మనం చందాలేసుకొని, పోలీసు కేసులు మోసి నిలబెట్టుకున్న గద్దె అది.

2013 భూసేకరణ చట్టంలో సామాజిక ప్రభావ అంచనా అని ఒకటుంది. భూమి తీసుకునే ముందు ఆ ఊళ్లో ఎవరు ఎట్ల దెబ్బ తింటారో చూడాలె, పూజ చేసుకునే చోట్లు, బొందలగడ్డలు కూడా లెక్కలోకి తీసుకోవాలె అని అందులో ఉంది. భూమి లేని కూలీ, ఆ భూమి మీదే బతికినవాడైతే, అతనిది కూడా దెబ్బతిన్న కుటుంబమేనని ఉంది. మంచి చట్టమే. ఆ తర్వాత మన రాష్ట్ర ప్రభుత్వాలు చట్టాన్ని సవరించుకొని చాలా పనులకు ఆ అంచనా అక్కరలేకుండా చేసుకున్నాయి. అంటే ఆ లెక్క రాయడానికి ఆఫీసు నుంచి ఎవరైనా వస్తారని మనం కూర్చుంటే రాకపోవచ్చు. రాయాల్సింది మనమే.

మేము వర్లీ నుంచి ఒక నోటుబుక్కు తెచ్చినం. పెద్దమ్మ చాల్‌లో ఇద్దరు ఆడపిల్లలు, ఒకతి మరాఠీ, ఒకతి తెలుగు, కూలగొట్టేలోపల తమ నడవ లెక్క రాసుకున్నారు. ఏ ఖోలీలో ఎవరుండేవాళ్లు, ఎప్పుడొచ్చారు, పెండ్లిళ్లు ఎక్కడ, పీనుగను పెట్టేది ఎక్కడ, విహార్ ఎన్ని అడుగులు, జెండా ఎగరేసే గుంజ ఎక్కడ. అడుగులతో సహా కొలిచి రాశారు. సొసైటీ మీటింగులో ఆ బుక్కు బల్ల మీద పెట్టి, ఇంత హాలు మాకు విడిగా కావాలె అని అడుగుతున్నారు. ఇస్తారో లేదో తెలియదు. కానీ వట్టి చేతులతో అడగడం లేదు. ఆ బుక్కు మీద పెద్దమ్మ వేలిముద్ర కూడా ఉంది. ఆమె చూసి, "నా పేరు పక్కన మీ పెదనాయిన పేరు ఎందుకు పెట్టలేదు, మిల్లు పోయింది కాని మనిషి పోలేదుగా" అని కొట్లాడి రాయించుకుందట.

అట్లాంటి బుక్కు ఒకటి మన వాడకు కావాలె. ఇండ్లు, చుక్క పెట్టిన పదకొండు ఇండ్లు ముందు రాయాలె, ఇంటిలో ఆడమనిషి పేరు మొదట రాయాలె. అరుగు, చెట్టు, బొందలగడ్డ, గద్దె, నీళ్ల తొవ్వ, ఊరివాళ్లు మూసేసిన పాత తొవ్వ కూడా. మాదిగవాడ అన్నలు వేరే రాసుకుంటాం అంటున్నారని విన్నం. వేరే వద్దు, ఒకటే బుక్కు పెట్టుకుందాం, పేజీలు ఎన్నయినా కానీయండి. వచ్చే సోమవారం ప్రజావాణికి దాని నకలు తీసుకొని పోయి అందజేసి, ముట్టినట్టు సంతకం తీసుకుందాం.

టేపు మా దగ్గర ఉంది. చేతిరాత బాగుండే పిల్లలు ఇద్దరు కావాలె, ఒక ఆడపిల్ల, ఒక మగపిల్లగాడు. ముసలవ్వలకు పాత సంగతులు తెలుసు కాబట్టి బొందలగడ్డ దగ్గరికి వాళ్లను మంచం మీదనైనా తీసుకపోవాలె, అందుకు నలుగురు కావాలె. రేపు పొద్దున ఏడు గంటలకు యాపచెట్టు కింద కలుద్దాం. పేర్లు ఇప్పుడే ఇయ్యండి, రాసుకుంటాం.

జై భీమ్.